ఒక కాలు దాటినందుకు

పాలకొల్లులో మాది బట్టల కొట్టు. నలభై దాటాక నాకు బాస్కెట్‌బాల్ రిఫరీ కావాలన్న కోరిక పుట్టింది. రాత పరీక్ష గట్టెక్కాను. మిగిలింది ప్రాక్టికల్: రాజమండ్రిలో ఆడపిల్లల మ్యాచ్ ఒకటి నడపాలి, బల్ల దగ్గర కూర్చుని పరీక్ష పెట్టే పెద్దాయన చూస్తుంటారు. తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి.

రూలు నాకు కంఠతా వచ్చు. జట్టు తాను కాపాడుకునే బుట్ట ఉన్న సగం బ్యాక్‌కోర్టు, అవతలి సగం ఫ్రంట్‌కోర్టు. బంతిని ఫ్రంట్‌కోర్టుకు చేర్చాక ఆ జట్టు దాన్ని వెనక్కి తేకూడదు. అయితే బంతి కొట్టుకుంటూ వెళ్ళే మనిషి రెండు కాళ్ళూ, బంతీ, మూడూ నడిమి గీత దాటితేనే చేరినట్టు.

చివరి నిమిషం. ఒక్క పాయింటు వెనకబడ్డ జట్టులోని పిల్ల బంతి కొట్టుకుంటూ వచ్చింది. కుడికాలూ, బంతీ గీత దాటాయి. ఎదుటి పిల్ల అడ్డు రాగానే బంతిని వెనక్కి లాక్కుంది. నేను విజిల్ ఊదేశాను, బంతి అవతలి జట్టుకని చెయ్యి చూపించాను. తప్పు నాది కాదు, పెంపకానిది. మా కొట్టులో గడప లోపల ఒక కాలు పెట్టిన మనిషి వచ్చేసినట్టే. రెండో కాలు పడేలోపు నాన్నగారు నాలుగు చీరలు పరిచేసేవారు. ఆ మనిషి వెనక్కి తిరగడం మా ఇంట్లో నేరం.

ఆ పిల్లల కోచ్ గారు వచ్చారు. "ఏంటండీ, ఎడం కాలు ఇవతలే ఉందిగా?"

ఉంది. ఒప్పుకుంటే పరీక్ష పోతుంది. గొంతు తగ్గించి, "ఈసారికి సర్దుకోండి. తర్వాత మీవైపు చూస్తాను" అన్నాను.

"జాకెట్టు ముక్క కలిపిస్తానన్నట్టు చెబుతున్నారేంటండీ?"

ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది, ఎడం కాలు ఒక్క అంగుళం కూడా కదపకుండా. "సార్, మీరు చూశారు కదండీ."

"చూశానమ్మా" అన్నాను. ఇక బేరానికి చోటు లేదు. పొరపాటున ఊదానని బల్ల దగ్గర చెప్పి, బంతి వాళ్ళకే ఇచ్చాను. ఆ పిల్ల వేసిన బంతి బుట్ట అంచుకు తగిలి బయటపడింది. ఓడిపోయారు.

"తప్పు ఊదారు, దిద్దుకున్నారు. అది బాగానే ఉంది" అన్నారు పెద్దాయన. "మధ్యలో ఆ గుసగుసలేంటండీ?"

"బేరమండీ."

"అందుకే ఫెయిల్ చేస్తున్నానండి."

ఏడాది కాకుండా ఆరు నెలలకే రానిస్తారేమోనని అడిగి చూశాను. ఆయన పెన్ను మూత పెట్టేశారు.