మునితాత గొంతు

మొన్న ఆదివారం కంప్యూటరు డబ్బా విప్పి దుమ్ము దులిపాను. నంద్యాల ఎండాకాలంలో ఏ వస్తువూ దుమ్ము పట్టకుండా ఉండదు. లోపలి ఫ్యానుకు పేరుకున్నది తుడిచి మళ్లీ కరెంటు ఇచ్చేసరికి, వేడెక్కిన దుమ్ము వాసన గదిలోకి వచ్చింది. కాస్త కమురు, కాస్త ఇనుము కలిసిన వాసన. ఇంజనీరింగు చదివే రోజుల్లో నా సాయంత్రాలన్నీ ఆ వాసనలోనే గడిచాయి. అది ముక్కుకు తగలగానే నాకు మొదట గుర్తొచ్చింది అప్పుడు ఆడిన ఆట కాదు. ఆ ఆటలో మా దండుకు పెద్దదిక్కుగా ఉండిన మునితాత.

అలాంటి ఆటలు తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. ఎక్కడెక్కడి వాళ్లో వేలమంది ఒకే సమయంలో ఇంటర్నెట్టులో ఒక కల్పిత లోకంలోకి దిగుతారు. ఒక్కొక్కరు ఒక్కో వేషం ఎంచుకుంటారు. ఒకరు కత్తి పట్టిన యోధుడు, ఒకరు విలుకాడు, ఒకరు మంత్రగాడు, ఒకరు వైద్యుడు. ఒంటరిగా చేయగలిగింది తక్కువ కాబట్టి గుంపులు కడతారు. ఇంగ్లీషులో దాన్ని గిల్డ్ అంటారు, మేము దండు అనేవాళ్లం. మాది నల్లమల దండు. నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలం ఎక్కువ, మిడుతూరు వైపు నుంచి కొందరు. ఆదివారం మధ్యాహ్నం కోటల కోసం యుద్ధం జరిగేది. గెలిచిన దండు జెండా ఆ వారమంతా కోట మీద ఎగిరేది. నిజానికి ఆ కోటతో ఒరిగేదేమీ లేదు. అయినా సోమవారం కాలేజీకి పోయేటప్పుడు మా నడకలో తేడా ఉండేది.

మునితాత అన్నది ఆటలో పేరు. తెల్ల గడ్డం, వంగిన నడుము, చేతిలో కర్ర ఉన్న ముసలి వైద్యుడి వేషం. ఆయన ఎవరినీ కొట్టడు. పడిపోయిన వాళ్లను లేపడం ఆయన పని. నేను కత్తివాణ్ణి. దండులో చేరిన కొత్తలో ఒక గుహలోకి అందరికంటే ముందు ఉరికి, రాక్షసుల మధ్య పడిపోయాను. మిగతావాళ్లు నవ్వే బొమ్మలు పెడుతున్నారు. తాత కర్ర ఊపుకుంటూ నిదానంగా వచ్చి నన్ను లేపాడు. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట ఒకటి కనబడింది. “ముందుకు పోయేది తప్పు గాదప్పా. ఎనక ఎవరుండారో చూసుకోని పో.” తిట్టలేదు, ఓదార్చలేదు. అలా చెప్పి ఇంకొకరిని లేపడానికి వెళ్లిపోయాడు. అంతవరకూ ఇంట్లో గాని కాలేజీలో గాని నా తప్పును అంత మామూలుగా ఎవరూ చెప్పలేదు.

ఆట బయట మాకు ఫోన్లో ఒక గుంపు ఉండేది. ఆటలోని కథల మీద అక్కడ వాదులాడుకునేవాళ్లం, పాత్రల బొమ్మలు గీసి పెట్టుకునేవాళ్లం. ఇంగ్లీషు రాని పిల్లలు చాలామంది. వాళ్ల కోసం తాత ప్రతి ఘట్టాన్నీ తెలుగులో రాసి పెట్టేవాడు. ఎక్కడికి పోవాలి, ఎవరితో మాట్లాడాలి, ఏ మాటను నమ్మకూడదు, అన్నీ తేలిక మాటల్లో ఉండేవి. ఇలాంటి గుంపుల్లో ఉన్నవాళ్లకు ఒక విషయం తెలుసు. ఆట బాగా ఆడేవాళ్లు గుంపుకు పేరు తెస్తారు, కాని దాన్ని నిలబెట్టేది రోజూ ఓపికగా నాలుగు మాటలు రాసేవాళ్లు. ఆటలో గొంతుతో మాట్లాడుకునే గది కూడా ఒకటి ఉండేది. తాత అందులో ఉండి వినేవాడే గాని ఎన్నడూ మాట్లాడలేదు. అడిగితే మైకు చెడిపోయిందని రాసేవాడు. రెండేళ్లయినా ఆ మైకు బాగుపడలేదు. ఆయన రిటైరైన తహసీల్దారని ఒకడంటే, ఆదివారం ఆరాధన వేళ దాటేదాకా కనబడడు కాబట్టి పాస్టరు అయ్యుంటాడని ఇంకొకడు అనేవాడు. మాకు తెలిసిందల్లా ఆయనది ఆళ్లగడ్డ అని.

మా దండులో హరి అని ఒక విలుకాడు ఉండేవాడు. మా కాలేజీవాడే, ఇల్లు నూనెపల్లెలో. ఒక ఆదివారం యుద్ధం మధ్యలో కోట తలుపు లోపలి నుంచి తెరిచి, డేగల దండును లోపలికి రానిచ్చాడు. డేగలు మా ప్రధాన శత్రువులు. చూస్తుండగానే కోట పోయింది. హరి ఆ క్షణమే మా దండు వదిలి వాళ్లలో చేరిపోయాడు. అంతటితో అయిపోయుంటే పోయేది. ఆ సాయంత్రం డేగల్లో ఒకడు మా శివ తల్లిని పట్టుకుని ఒక బూతు మాట రాశాడు. శివ మా కత్తివాళ్లకు నాయకుడు, ఆళ్లగడ్డ దగ్గరి పల్లెవాడు, ఆవేశపరుడు. ఆ మాట రాసినవాడు ఎవరో, ఎక్కడుంటాడో మాకు తెలియదు. తెలిసింది హరి ఇల్లొక్కటే. దాంతో కోపమంతా అటు తిరిగింది. మరుసటి ఆదివారం వస్తున్నామనీ, ఇల్లు చూపించమనీ శివ నాకు ఫోన్ చేశాడు.

వాళ్లు మధ్యాహ్నం బస్టాండు దగ్గరి టీ అంగడికి బండ్ల మీద వచ్చారు. ఒకడి బండికి సంచి వేలాడుతోంది, అందులో క్రికెట్ వికెట్లు ఉన్నాయి. ఆడుకోవడానికి కాదని అందరికీ తెలుసు. శివ ఫోన్లో మా మాటల గది తెరిచి, రాలేని మిగతావాళ్లకు తామెక్కడున్నదీ, ఏం చేయబోతున్నదీ చెప్పసాగాడు. ఆ గదిలో ఉన్నవాళ్ల పేర్లలో మునితాత పేరు కనబడింది. ఎప్పటిలాగే వింటున్నాడనుకున్నాం. ఇంతలో ఫోన్లోంచి ఒక ఆడగొంతు వచ్చింది. తరగతి గదిలో మాట్లాడి అలవాటైన గొంతు.

“శివా, నేను తాతను మాట్లాడుతాండా. అందరూ ఆడనే ఉండండి. నేను వచ్చేదాంక ఎవురూ కదలొద్దు.”

 నువ్వెందుకు రావడం, మేం చూసుకుంటామన్నాడు శివ. ఎవరి కోసం చూసుకుంటారని ఆమె అడిగింది. దండు కోసం, నీ కోసమే తాతా అన్నాడు శివ.

“ఆ మాటే వొద్దప్పా. మా నాయన గూడ ఇట్లనే ఒకాయన కోసరం ఇంకొకాయన మీదికి పోయినాడు. బాంబు పడి కాలు పోయింది. తర్వాత ఆ పెద్దోళ్లిద్దరూ రాజీ అయినారు. ఒకరింట్లో పెండ్లికి ఒకరు పోతాండారు. మా నాయన కాలు మాత్రం తిరిగి రాలే.” ఆ వెంటనే అడిగింది. “ఆటలో పడితే నేను లేపుతా. ఆడ పడితే ఎవురు లేపుతారు?”

ఎవరూ కదల్లేదు. అది ఆమె మాటల వల్లనా, లేక తాత ఆడమనిషన్న ఆశ్చర్యం వల్లనా అన్నది ఇప్పటికీ చెప్పలేను. బహుశా రెండూ. ఆమె ఆళ్లగడ్డ నుంచి బస్సెక్కి వచ్చేసరికి టీ అంగడి నీడ రోడ్డు దాకా సాగింది. నలభై దాటిన మనిషి. చర్చికి కట్టుకున్న తెల్ల నూలు చీర, చేతిలో బైబిలు సంచి. పేరు ఎస్తేరు రాణి అనీ, ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుందనీ, లాక్‌డౌన్లో బడి మూసినప్పుడు విద్యార్థి ఒకడు ఈ ఆట నేర్పాడనీ తర్వాత తెలిసింది. శివ గబుక్కున లేచి “తాతా” అని, అన్నందుకు సిగ్గుపడి నేల చూశాడు. ఆమె నవ్వలేదు. వాణ్ణి కూర్చోమని చెప్పి, వికెట్ల సంచి తీసుకుని టీ అంగడాయనకు ఇచ్చి, చీకటి పడేదాకా ఉంచమంది. తర్వాత నన్నొక్కణ్ణే వెంటబెట్టుకుని హరి ఇంటికి నడిచింది.

హరి వాళ్లమ్మ మాకు నీళ్లిచ్చింది. కొడుకు కాలేజీ టీచరమ్మ వచ్చిందనుకుని, చదువు సంగతి అడిగి వంటింట్లోకి పోయింది. హరి మంచం అంచున కూర్చున్నాడు. తానే తాతనని చెప్పి, ఎందుకు చేశావని ఆమె అడిగింది. వాడు మెల్లగా చెప్పాడు. తన ఇంట్లో నెట్టు నిదానమట. అందుకని వరుసగా యుద్ధాల్లో వాణ్ణి పోరుకు పంపకుండా కోట లోపలే కూర్చోబెట్టారు. అంతేగాక, వాడి ఫోటోకు నత్త కొమ్ములు పెట్టి గుంపులో తిప్పారు. డేగలు రమ్మన్నారు, పోయాడు.

“నాకు ఒక మాట చెప్పింటే బాగుండు గదా” అంది ఆమె.

“నువ్వు చూస్తానే ఉంటివి గదా తాతా. ఏమీ అనలే.”

 వంటింట్లో గిన్నె చప్పుడు వినబడుతోంది. ఏదో ఒక సంజాయిషీ చెబుతుందని నేను ఎదురుచూశాను. మా ఇళ్లల్లో పెద్దవాళ్లు ఇలాంటి చోట గొంతు పెంచుతారు, లేదా మాట మారుస్తారు. ఆమె రెండూ చేయలేదు. “అవునప్పా. చూస్తానే ఉన్న్యా. అనాల్సింది” అని, వాడి తల మీద చేయి పెట్టి లేచింది.

ఆ సాయంత్రమే గుంపులో ఆమె రాసింది. నత్త బొమ్మలు తీసేయమంది. హరి జోలికి ఎవరూ పోవద్దంది. కోట కోసం ఇక డేగల మీదికి పోవడం లేదని, ఆ కోటను వాళ్లకే వదిలేస్తున్నామని చెప్పింది. మొదటి రెండూ మావాళ్లు ఎలాగో మింగారు. మూడోది మింగలేకపోయారు. వారం తిరిగేలోగా దండులో సగం మంది వెళ్లిపోయారు, శివతో సహా. తాత ఆడమనిషి కాబట్టే భయపడిందని కొందరు రాశారు. హరి కూడా తిరిగి రాలేదు, కొన్నాళ్లకు ఆటే మానేశాడు. నాకూ ఆమె చేసింది నచ్చలేదు. ఇళ్ల మీదికి పోవడం తప్పు సరే, ఆటలో పగ ఆటలో తీర్చుకుంటే ఏం పోయిందని అడిగాను. “ఆటలో తీరే పగ అయితే మీరు బస్టాండు కాడికి ఏల వచ్చినారు?” అని జవాబు రాసింది.  నేను దండులోనే ఉండిపోయాను.

ఆ తర్వాతి ఏడాది ఏదో పని మీద ఆళ్లగడ్డ పోయినప్పుడు ఆమె రమ్మంటే ఇంటికి వెళ్లాను. ఆ వీధి చివర శిల్పాల షెడ్డు ఉంది, రాతి మీద ఉలి చప్పుడు ఇంటి లోపలికి వినబడుతోంది. వాళ్ల నాయన వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పంచె ఒక వైపు ఖాళీగా మడిచి ఉంది. ఎవరి పిల్లోడివని అడిగాడు. బండి ఆత్మకూరు దగ్గర మా ఊరి పేరూ, మా తాత పేరూ చెప్పాను. “పెద్ద ఇండ్లోళ్లు” అని తలూపాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, గౌరవమూ లేదు. ఊరికే గుర్తు పట్టడం. మాకు భూములున్నాయి, మా తాత వెనకా మనుషులు తిరిగేవాళ్లు. వాళ్లలో ఎవరికి ఏం జరిగిందో మా ఇంట్లో ఎవరూ చెప్పుకోగా నేను వినలేదు. ఆమె టీ తెచ్చి ఇస్తూ, ఈ పిల్లోడు ఆటలో కత్తివాడు నాయనా, ముందుకు ఉరుకుతాడు అంది. ముసలాయన నన్ను ఎగాదిగా చూసి అడిగాడు.

“ఎవురు ఉరకమంటాండారు?”

ఆయన ఆట గురించే అడిగాడు. అందులో గూఢార్థమేమీ లేదు. నేనే ఉరుకుతానని చెప్పాను. “అయితే పర్వాలే” అన్నాడు.

తర్వాత ఆమెకు కొండ దిగువ పల్లెలో ప్రభుత్వ టీచరు ఉద్యోగం వచ్చింది. అక్కడ నెట్టు సరిగా అందదు. ఆట మానేసింది. క్రిస్మస్‌కు ఒక శుభాకాంక్ష పంపుతుంది, అంతకంటే మేము మాట్లాడుకునేది తక్కువ. మా స్నేహం గురించి ఇంతకంటే ఎక్కువ చెప్పుకుంటే అబద్ధమవుతుంది. ఆమెను నేను చూసింది రెండే సార్లు.

ఇప్పుడు వేరే ఆట ఒకటి ఆడుతున్నాను. దాని తెలుగు అభిమానుల గుంపు నడిపే బాధ్యత ఎలాగో నా మీద పడింది. వేషాలు వేసుకుని ఆడే ఆటల్లో మనిషి మారిపోతాడని అంటారు. నేను చూసినంతలో, మనిషి ఏమీ మారడు. అప్పటికే లోపల ఉన్నదానికి ఒక కత్తో ఒక కర్రో దొరుకుతుంది. అందుకే గుంపులో ఎవరినైనా తీసేసే ముందు, అతన్ని మేము ఎన్నాళ్లుగా చూస్తూ ఊరకున్నామో ఆలోచిస్తాను. ఎగతాళి బొమ్మ మొదటిది వచ్చినప్పుడే తీసేస్తాను. సరదా తెలియని మనిషినన్న పేరు వచ్చింది, రానీ.

ఈ మధ్య ఒక కుర్రాడు, మా గుంపును తిట్టిన వాడి చిరునామా తెలిస్తే చెప్పమని అందరినీ అడిగాడు. వెంటనే ఫోన్ చేశాను. “నువ్వు కాదు గదన్నా పోయేది, నేను గదా” అన్నాడు వాడు. నువ్వు పోయినా మా అందరి పేరు మీద పోతావు, ఆ పేరు నేను నీకు ఇవ్వడం లేదని చెప్పాను.  పెట్టేశాడేమోనని ఫోన్ చెవి నుంచి తీసి చూసుకున్నాను. లైన్లోనే ఉన్నాడు.

చివరికి, “సాయంత్రం ఆట ఉందా అన్నా?” అని అడిగాడు.

ఉంది, రమ్మన్నాను.