నాయన గడ్డం, నా చెయ్యి

మొన్న ఆదోనిలో మనవణ్ణి జుట్టు కత్తిరింపించడానికి తీసుకుపోయి సెలూన్ బెంచీ మీద కూర్చున్నాను. పక్క కుర్చీలో ఎవరి గడ్డానికో బ్రష్షుతో సబ్బు పూస్తున్నారు. ఆ నురగ వాసన తగిలిందో లేదో, నలభై ఏళ్లు వెనక్కి పోయి, ఎమ్మిగనూరులో మా గుంతమగ్గం పక్కన పదకొండేళ్ల పిల్లనై కూర్చున్నాను.

మా వీధిలో తెల్లవారితే ఇంటింటా మగ్గం చప్పుడే. చలికాలం పొద్దుల్లో వీధి పొడవునా పడుగులు చాపి గంజి పెట్టేవాళ్లు. ఆ గంజి వాసన, పచ్చి చెనిక్కాయలు ఉడికే వాసన, ఆదివారమైతే బొరుగుల ఉగ్గాని తిరగమోత వాసన అన్నీ కలిసి ముక్కుకు తగిలేవి. ఆదివారం పొద్దున్నే నాయన కిటికీ చువ్వకు అద్దం తగిలించి, మా తాత వాడిన మడతకత్తి తీసి, మేకుకు కట్టిన తోలుపట్టీ మీద టపటపలాడించి, తన గడ్డం తనే గీసుకునేవాడు. పెళ్లికి ముందురోజు గడ్డం గీయడానికి వచ్చిన మనిషి నాయన దవడ మీద గాటు పెట్టాడట. ఆ గాటుతోనే తాళి కట్టాల్సి వచ్చిందట. ఇంకొకరి చేతికి గడ్డం ఇవ్వనని ఆనాడే ఒట్టు పెట్టుకున్నాడు. మొండితనంలో మా నాయనను మించినవాళ్లు ఆ వీధిలో లేరు, నేను తప్ప.

ఒక వానాకాలం గోనెగండ్ల నుంచి సైకిల్ మీద వస్తూ బురదలో జారిపడి నాయన కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. చేతికి కట్టు పడింది, మగ్గం ఆగింది, గడ్డం పెరిగింది. మాసిన మొహంతో గడప దాటనని మూడు వారాలు ఇంట్లోనే కూర్చున్నాడు. అంతలో మాధవరంలో మేనత్త కూతురి నిశ్చితార్థం వచ్చిపడింది. మేనమామగా నాయన చీర పెట్టకుండా ఆ వేడుక జరగదు. నాయన చూస్తే కదలడు. అమ్మకు తిండి సయించడం మానేసింది.

"గడ్డం గీసేటాయన్ను పిలుస్తా," అంది అమ్మ.

"పిల్సు. నేను దొడ్డిదారిన పోతా," అన్నాడు నాయన.

"నేను గీస్తా నాయనా," అన్నాను. ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు.

నేను పట్టు విడవకపోయేసరికి నాయన నేర్పడానికి ఒప్పుకున్నాడు. నిశ్చితార్థానికి ఇంకా ఎనిమిది రోజులున్నాయి. ముందు సానరాయి. రాయి మీద నీళ్లు చల్లి, కత్తి వీపూ అంచూ రెండూ ఆనేలా పడుకోబెట్టి, అంచు ముందుగా తోయాలి. అది తొందరగానే పట్టుబడింది. తోలు దగ్గరే నేను నేతగాళ్ల పిల్లనని తేలిపోయింది. పడుగుకు గంజికుంచె లాగడం అలవాటైన చెయ్యి కదా, కుంచెను లాగినట్టే కత్తిని తిప్పకుండా ముందుకూ వెనక్కూ లాగాను. అంచు తోలులో దిగబడి తాతల నాటి పట్టీ జానెడు చీరుకుపోయింది. దెబ్బలు తప్పవనుకుని కళ్లు మూసుకున్నాను.

"కుంచెకు రెండు దిక్కులూ ఒగటే పాపా, కత్తికి కాదు," అన్నాడు నాయన. "రాయి మీద అంచు ముందర పోవల్ల, తోలు మీద వీపు ముందర పోవల్ల. కొసకు పోయినాక వీపు మీద తిప్పు." ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుని, చిరగని భాగం మీద సాయంత్రం దాకా నేర్పించాడు.

తర్వాత గాలిబుగ్గలు ఊది, సబ్బు పూసి గీయమన్నాడు. ఒక్కొక్కటే ఠప్పుమని పగులుతుంటే "ఒగ నాయన సచ్చె... రెండో నాయనా సచ్చె" అని మంచం మీద నుంచి చెప్పేవాడు. ఐదుగురు నాయనలు పోయాక ఆరోవాడు బతికాడు.

ప్రయాణం రోజు పొద్దున వేడినీళ్లలో ముంచిన గుడ్డ గడ్డానికి చుట్టి, నురగ పూసి, కత్తిని చెంపకు ఆనించాను.

"కత్తిని పడుకోబెట్టు, నిలబెట్టొద్దు. సర్మం పైకి లాగి పట్టుకో."

"తెగుతాదేమో నాయనా."

"తెగితే తెగనీ. నా గడ్డమే గదా, పక్కింటోళ్లది కాదు గదా," అని కళ్లు మూసుకున్నాడు.

చెంపల మీది గడ్డం గరగరమంటూ దిగింది. చుబుకం దగ్గర సన్నగా నెత్తురు చిమ్మింది. నాయన కళ్లు తెరవకుండానే "పటిక పెట్టు" అన్నాడు. చివర అద్దంలో అటూ ఇటూ చూసుకుని, "దవడ కింద నాలుగెంటికలు ఇడ్సినావే, యిత్తనానికా?" అన్నాడు. తర్వాత చీర చంకన పెట్టుకుని గడప దాటాడు. మాధవరంలో కనబడినవాళ్లకంతా ఆ గాటు చూపించి, "మా పాప గీసింది" అని చెప్పుకున్నాడు.

చెయ్యి బాగైంది. మళ్లీ మగ్గమెక్కాడు. కత్తి మాత్రం పట్టలేదు. "మగ్గం యేరు, కత్తి యేరు. సేతి యేళ్లు వణుకుతాండాయి," అనేవాడు. మరుసటేడు నేను పెద్దమనిషినయ్యాను, చదువు మానేశాను, అయినా పెళ్లయ్యేదాకా ఎనిమిదేళ్లు ప్రతి ఆదివారం నాయన గడ్డం నేనే గీశాను.

ఇప్పుడు నాయన లేడు. మా వీధిలో మగ్గాల గుంతలు పూడ్చి బండలు పరిచారు, ఆ కత్తి ఏ పాత ఇనుములో కలిసిపోయిందో తెలియదు. సెలూన్ నుంచి వచ్చిన మర్నాడు ఎమ్మిగనూరుకు పోయి, తమ్ముడింట్లో చెనిక్కాయలు వలుస్తున్న అమ్మతో ఇదంతా చెప్పి, "నేను అత్తగారింటికి పోయినాక నాయన గడ్డం ఎవరు గీసిరి?" అని అడిగాను.

"యెవురు గీసేది? నీ పెండ్లయిన మర్నాడే తనే గీసుకున్యాడు. ఒగ గాటు పడ్లే."

"మరి అన్నేండ్లు నాతో యెందుకు గీయించుకున్యాడు?"

అమ్మ తలెత్తలేదు. "పెద్దపిల్లవైనాక నాయన నిన్ను దగ్గరికి తీసుకునేకి లేదు గదమ్మా. వారానికి ఒగ తూరన్నా నీ చెయ్యి ఆయన సెంపకు తగిలేది," అంది.

నేను లేచి పెరట్లోకి పోయి ఏడ్చుకున్నాను.