సార్ అడిగిన మొదటి మాట

రెండువేల నాలుగుల ఎమ్మెస్సీ చదువుతూ, భద్రాచలం దిక్కు గుట్టల్లకు సీతాకోకచిలుకల సర్వేకు పోయిన. దోమతెర బట్టతో కుట్టిన సంచిల కుళ్లిన అరటిపండ్లు, కల్లు కలిపి పెట్టి చెట్టుకు వేలాడదీస్తే, ఆ వాసనకు అవి వచ్చి చిక్కుతయి.

"ఈ వాసనకు ఎలుగుబంటి వస్తది సార్" అని చెప్పిన.

"భయమైతే ఇంటికి పో" అన్నడు మా సార్.

తెల్లారి సంచి చూద్దామని పోతే, పండ్లు తింటున్న ఎలుగుబంటి నా మీదికి ఉరికింది. తప్పించుకోబోయి రాళ్ల మీంచి దొర్లిపడ్డ. తొడ ఎముక విరిగింది.

ఖమ్మం దవాఖానాల అమ్మ ఏడుస్తుంటే సార్ వచ్చిండు. మంచం పక్కన నిలబడి, "సంచి చినిగిందా ఏంది?" అన్నడు.

ఇప్పటికీ కుంటుకుంటనే నడుస్త. ఎలుగుబంటి మీద నాకేం కోపం లేదు. అది పండ్ల కోసం వచ్చింది. సారే, నా కోసం వచ్చిండనుకున్న.

— ఓ పాఠకురాలు, కల్లూరు