పంపు గొట్టం దగ్గర నా మొదటి మునక

సర్టిఫికెట్ కొత్తగా చేతికొచ్చిన వయసులో మనిషికి తను తప్ప అందరూ నత్తనడక వాళ్ళలాగే కనిపిస్తారు. ఆ రోజుల్లో నా కంటికి అందరికన్నా నిదానస్తుడు మా పెద్దప్ప. (వరసకు ఏమీ కాడు. లేపాక్షి దగ్గరి మనిషి. మేము నీళ్ళలో దిగితే గట్టున తాడు పట్టుకుని కాపలా ఉండడం ఆయన పని.) ధర్మవరంలో తరతరాలుగా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చునే ఇంట్లో నీటి అడుగున పనిచేసే డైవర్ని నేనొక్కణ్ణే. నా గర్వం అంతా ఇంతా కాదు.

మొదటి పని పెనుకొండ దగ్గర ఒక చెరువులో పడింది. హిందూపురం వైపు నీళ్ళు తోడే పంపు గొట్టం మూతికి నాచు, ప్లాస్టిక్ సంచులు అడ్డం పడ్డాయి. నేను దిగి పీకెయ్యాలి. నాయన మగ్గం ఆపి మరీ చూడ్డానికొచ్చాడు. ఎనిమిదింటికే డ్రెస్సు తొడుక్కుని ఎండలో ఉడికిపోతున్నాను. పెద్దప్ప ప్రశ్నలు మాత్రం తెగడం లేదు.

"జలుబేమన్నా ఉండాదా?"

"లేదు."

"నిన్న సాయంత్రం మందు తాగినావా?" (నాయన ఎదురుగానే!)

"లేదు పెద్దప్పా!"

"తాడు నాలుగుసార్లు లాగితే?"

"నన్ను పైకి లాగెయ్యమని. ఇవన్నీ పరీక్షలో రాసి పాసైనా!"

"నీళ్ళు సర్టిఫికెట్టు చూడవప్పా."

అంతటితో ఆగినా బాగుండేది. పంపు ఆపరేటర్ "ఆపినానప్పా" అని రెండుసార్లు చెప్పినా వినలేదు. గదిలోకి పోయి మెయిన్ ఆపించి, మూడు ఫ్యూజులూ పీకించి చొక్కా జేబులో వేసుకున్నాడు. "మనిషి దిగినాడు, ముట్టొద్దు" అని రాసిన అట్టముక్క మెయిన్ స్విచ్చికి కట్టాడు. మళ్ళీ తీరిగ్గా నడుచుకుంటూ వచ్చాడు. "నన్నేమో ఎల్కేజీ పిల్లోణ్ణి చేసినావు" అని గొణుక్కుంటూ దిగాను.

అడుగున ఏమీ కనబడదు, అంతా తడుముడే. గొట్టం మూతికి ఛాతీ ఆనించి (ఆనించకూడదని నేను పాసైన పరీక్షలోనే ఉంది) సంచులు పీకుతుంటే, ఉన్నట్టుండి తాడు నన్ను పైకి ఈడ్చింది. గట్టెక్కి హెల్మెట్ తీసి, "ఇంగేమి పెద్దప్పా, సగం పని అట్లే ఉండాది!" అని అరిచాను.

ఆయన చొక్కా జేబు తట్టి చూపించాడు. పక్కన, షిఫ్టు మారి అప్పుడే వచ్చిన కొత్త ఆపరేటర్ చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు. హిందూపురం నుంచి "నీళ్ళు యాడప్పా?" అని ఫోన్ వచ్చిందట. ఈ కొత్తాయన అట్టముక్క పక్కకు జరిపి, మెయిన్ వేసి, బటన్ నొక్కాడు. పంపు తిరగకపోయేసరికి, ఫ్యూజులు యాడికి పోయాయో అడగడానికి గట్టు మీదికొచ్చాడు. పంపు తిరిగుంటే ఆ గొట్టం నన్ను పీల్చి పట్టేసేది. పదిమంది లాగినా ఊడొచ్చేవాణ్ణి కాదు.

పెద్దప్ప తిట్టలేదు. "కూసో. వణుకు తగ్గినాక దిగుదువు" అన్నాడు. మధ్యాహ్నానికి పని ముగించాను, ఛాతీ ఎక్కడా ఆనించకుండా.

నాయనా నేనూ బస్సెక్కాం. ఇంటికి రాగానే అవ్వ నా చెయ్యి పట్టుకుని, "ఏమప్పా, ఇంత ఎండలో వణుకుతాండావు?" అంది.

"నీళ్ళు చల్లగా ఉండాయవ్వా."

"అవునుమా, శానా చల్లగా ఉండాయి" అన్నాడు నాయన, నీళ్ళలో వేలైనా పెట్టని మనిషి.

అవ్వ ఇద్దరికీ మిరియాల కషాయం కాచింది. లోకంలో అందరికన్నా తెలివైన ఆ కుర్ర డైవరు నోరెత్తకుండా గ్లాసు ఖాళీ చేశాడు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కాస్త జాలి కూడా వేస్తుంది.