ఊపిరి అక్కర్లేని పిల్లలు

ఆ కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్పే మేడమ్‌కి పిల్లలు పెట్టిన పేరు మూతమ్మ. ల్యాబులో అడుగుపెడితే చాలు, "మూత తియ్యకండి!" అని గొంతు చించుకునేది మరి. గాలి తగిలితే పెరగని సూక్ష్మజీవులను పెంచి చూపించాలని ఆవిడ పంతం. వాటిని పళ్లేల మీద రాసి, గాజు జాడీలో పెట్టి, ఆక్సిజన్‌ను పీల్చేసే పొట్లం వేసి, మూత బిగించేది. లోపల ఒక కాగితం ముక్క కూడా ఉంచేది. గాలి లేకపోతే అది తెల్లగా ఉంటుంది, చొరబడితే నీలంగా మారుతుంది.

రెండుసార్లు నీలమైంది. పళ్లేల మీద చుక్కయినా మొలవలేదు.

"శుక్రవారానికి ఏదో ఒకటి చూపించకపోతే ఆ గది కుట్టు మిషన్లకి ఇచ్చేస్తానమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్.

మంగళవారం చూస్తే కాగితం మళ్లీ నీలం! మూతమ్మ క్లాసు మీద విరుచుకుపడింది.

"ఎవరు తీశారు? చెప్పండి, ఏమీ అనను."

"అలాగే అంటారు, తర్వాత రికార్డు పదిసార్లు రాయిస్తారు," అంది వెనక బెంచీ అమ్మాయి.

ల్యాబు అటెండరును అందరూ బాబాయ్ అంటారు. ఆయన కొత్త జాడీ బిగించి, బీరువా చాటున మాటు వేశాడు. అరగంట తిరక్కుండానే కేకేశాడు.

"దొరికింది దొంగ!"

"ఎవరు బాబాయ్?"

"మీ చేతిలో ఏముందో చూడండమ్మా."

చేతిలో మూత! ఎప్పుడు తీసిందో ఆవిడకే తెలీదు. ఇంట్లో పది నెలల పాప నిద్రపోతే చాలు, నిమిషానికోసారి దుప్పటి తొలగించి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. ఆ చెయ్యి ఇక్కడా తన పని తాను చేసుకుపోయింది.

"గాలి తగిలితే ఎదగని వాటికి ఊపిరాడుతోందా అని చూస్తారేంటమ్మా!" బాబాయ్ నెత్తి కొట్టుకున్నాడు.

విషయం తెలిసి క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. మరో జాడీ బిగించి, ల్యాబు తాళం బాబాయ్ మొలలో దోపుకున్నాడు. మూడు రోజులపాటు మూతమ్మ కిటికీ అద్దానికి ముక్కు ఆనించి లోపలికి తొంగిచూస్తూనే ఉంది.

"మేడమ్, అవి బానే ఉన్నాయి, మీరు వెళ్లి టీ తాగండి," అని పిల్లలు బతిమాలాల్సి వచ్చింది.

శుక్రవారం ప్రిన్సిపాల్, కుట్టు టీచరు వచ్చారు. జాడీలో కాగితం మల్లెపువ్వులా తెల్లగా ఉంది. బాబాయ్ మూత తీశాడు. పళ్లేల నిండా బూడిదరంగు చుక్కలు. వాటి వెనకే కంపు! ప్రిన్సిపాల్ జేబురుమాలు కోసం తడుముకున్నాడు.

"పెరిగాయి సార్!" మూతమ్మ కళ్లలో నీళ్లు. కొన్ని ఆనందానివి, కొన్ని కంపువి.

కుట్టు టీచరు అప్పటికే గుమ్మం దాటేసింది.

"నాకు ఈ గది వద్దు సార్, వరండాలో కుట్టుకుంటాం!"