నీళ్లకు ముందు నడిచేవాళ్లం

మొన్న ఎండాకాలం, కాలువలకు నీళ్లు ఆపేసిన రోజుల్లో, మునిసిపాలిటీ నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చి, మా వీధిలో సిమెంటు పలకల కింద పడివున్న బోదెను, అదే పాత పిల్లకాలువను, మళ్లీ తెరిచి, గట్టున మొక్కలు నాటి, పక్కన నడిచేందుకు బాట వేస్తామని చెప్పేసరికి, వీధంతా మా గుమ్మం ముందు పోగైంది. కార్లు ఎక్కడ పెట్టుకోవాలని ఒకరు, దోమల్ని మనమే పిలిచి పెంచుకోవడమేమిటని ఇంకొకరు, అసలు బోదె ఎక్కడుంది, అదెప్పుడో చచ్చి మురుగైపోయిందని మరొకరు. ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. చావలేదని గట్టిగానే అన్నాను గాని, లోపల నాకూ భయంగానే ఉంది.

అమలాపురంలో పెరిగిన నా ఈడువాళ్లకు ఆ బోదె సంగతి చెప్పనక్కర్లేదు. పెద్దకాలువ నుంచి చీలి, ఇళ్ల ముందునుంచే పారి, ఊరి చివర కొబ్బరితోటల్లోకి పోయేది. ప్రతి ఇంటికీ దాటడానికి ఒక కొబ్బరిదుంగ, ఆ దుంగ మీద మనుషులు లేనప్పుడు లకుముకి పిట్ట. ప్రహరీల అడుగున వదిలిన తూముల్లోంచి ఇంటింటి వాననీరూ అందులోకే దిగేది, అందుకే ఎంత వాన కురిసినా తెల్లారేసరికి పెరళ్లు ఆరిపోయేవి. ఊరనేది మనుషుల కోసమే కట్టుకున్నారని మాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు, మా మెట్ల మీద కప్పలు కూడా అంతే దర్జాగా కూర్చునేవి.

నేను మా మేనత్త దగ్గర పెరిగాను. ఆవిడ మిషను బడిలో పంతులమ్మ. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలే ముందటి ఆదివారం వీధంతా కలిసి బోదె పూడిక తీసేవారు. అత్త చర్చి నుంచి రాగానే తెల్లచీర మార్చుకుని, కొంగు నడుముకు దోపి, పార పట్టేది. ఎదురింటి పిన్నిగారు వేదం చదువుకున్నవారి ఇంటి కోడలు. ఆవిడ బురదలోకి దిగేవారు కాదు గాని, గట్టు మీద నిలబడి ఎవరు ఎక్కడ సరిగ్గా తవ్వలేదో చెప్పే పని మాత్రం అద్భుతంగా చేసేవారు. పనయ్యాక ఆవిడ పంపే మజ్జిగ తాగుతూ ఆవిడనే తిట్టుకునేవాళ్లు జనం.

నీళ్లొచ్చే రోజున పిల్లలం వీధి మొదట్లో కాపు కాసేవాళ్లం. కొత్తనీరు ఉరుకుతూ రాదు. ఎండుటాకుల్నీ నురగనూ ముందుకు నెట్టుకుంటూ, కొత్త ఊళ్లో ఇల్లు వెతుక్కునే చుట్టంలా ప్రతి గుంట దగ్గరా ఆగి, అది నిండాక మళ్లీ కదులుతుంది. దానికి ముందు, ఎండిన బోదెలో, వెనక్కి చూసుకుంటూ తోటల దాకా నడవడమే మా ఆట, నీరు కాళ్లకు తగిలిందా ఓడిపోయినట్టే. మా ఇంటి ముందుకు రాగానే పిన్నిగారు చిటికెడు పసుపు వేసేవారు, అత్త కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది, మేం మాత్రం ఆగకుండా నడిచిపోయేవాళ్లం.

తరవాత స్కూటర్లు వచ్చాయి, కార్లు వచ్చాయి. ఒక్కొక్కరే స్థలం మెరక చేసుకుని, తూములు మూసుకుని, గుమ్మం ముందు బోదె మీద పలకలు పరిచారు. వీధి వెడల్పై చూడముచ్చటగానే ఉండేది, అబద్ధం ఎందుకు. అత్త ఒక్కతే ఒప్పుకోలేదు. వీధిలో ఎవర్ని దోమ కుట్టినా ఆవిడ పేరే తలుచుకునేవారు, ఆవిడ మాత్రం పలకల కిందే అవి హాయిగా పెరుగుతున్నాయని నవ్వి ఊరుకునేది.

అలాంటి మనిషి చివరికి తనే కప్పించింది. ఒక వానరోజు పిన్నిగారు మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆస్పత్రికి తీసుకెళ్లడానికి వచ్చిన కారు మా ఇంటి ముందు తెరిచివున్న బోదె వల్ల ఇటు రాలేక మలుపులోనే ఆగిపోయింది. ఆవిణ్ని నవారు మంచం మీద వానలో మోసుకెళ్తుంటే, గొడుగు పట్టుకుని పక్కన నడిచిన అత్త కళ్లలో నీళ్లు చూశాను. పిన్నిగారు తిరిగొచ్చేలోపే తాపీమేస్త్రీకి కబురు వెళ్లింది. ఇంటికొచ్చి కిటికీలోంచి సంగతి చూసిన పిన్నిగారు పెద్దగా అరిచారు.

"నా తుంటి కోసం బోదె కప్పించేత్తారేంటండీ వదినగారూ!"

"ఆయ్, నీళ్లు కిందనుంచైనా పోతాయండి. మిమ్మల్ని కిందనుంచి పంపలేం కదండీ."

కాని ఒక పలకకు మాత్రం అత్త సిమెంటు పూయనివ్వలేదు. దానికి ఇనుప కడియం బిగించింది. ఏటా జూన్‌లో ఆ పలక ఎత్తించేది, పిన్నిగారిని కుర్చీతో సహా తెచ్చి అక్కడ కూర్చోబెట్టేవారు. ఇద్దరూ ఆ చీకట్లోకి తొంగి చూసి, "నీళ్లు వచ్చేయండీ వదినగారూ, వచ్చేయి" అని మురిసిపోయేవారు. అప్పటికి ఉద్యోగస్తురాలినైన నాకు ఆ ముచ్చట నవ్వులాటగా ఉండేది. ఒకరి తరవాత ఒకరు ఇద్దరూ వెళ్లిపోయాక ఆ పలక ఎత్తే పని ఎవరికీ లేకపోయింది.

ఆ పలకనే మొన్న, వీధంతా పోగైనప్పుడు ఎత్తించాను. కడియం తుప్పుపట్టి ఊడివచ్చింది, గునపాలు పెట్టి లేపాల్సివచ్చింది. ముందు కంపు వచ్చింది, అందరూ ముక్కులు మూసుకున్నారు. అంతలో ఒక కప్ప గెంతి ఇంజనీరమ్మాయి బూటు మీద వాలింది. ఆ పిల్ల కేక పెట్టింది, వీధి నవ్వింది. వంగి చూస్తే లోపలి గోడ నిండా నత్తలు, అడుగున సన్నటి నీటిదార మెల్లగా తోటల వైపే పోతోంది.

వీధంతా ఒప్పుకుందని చెప్పను. మా ఇంటి నుంచి మలుపు దాకా ఉన్నవాళ్లు సరేనన్నారు. నేను కోరింది ఒక్కటే, పిన్నిగారి ఇంటి ఎదుట కారు తిరిగేంత వెడల్పున కల్వర్టు ఉంచమని. ఆ అమ్మాయి కారణం అడక్కుండానే సుద్దతో గీత గీసుకుంది.

మలుపు దాకా పలకలు తీసేశాక, జూన్‌లో నీళ్లు వదిలారు. నాటిన మొక్కలు ఇంకా చిన్నవి. పిల్లలు బడి బస్సుల్లో వెళ్లిపోయారు, నీళ్లకు ముందు నడవాలని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. చుట్టూ చూసి, చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లు పట్టుకుని నేనే బోదెలోకి దిగాను. పిన్నిగారి కోసం చిటికెడు పసుపు వేశాను, అత్త కోసం కళ్లు మూసుకున్నాను. అలా మూసుకున్నప్పుడే నీరు వచ్చి నా పాదాలకు తగిలింది. ఓడిపోయాను. అయినా మలుపు దాకా దాంతోపాటే నడిచాను. అక్కడ అది పలకల కిందికి వెళ్లిపోయింది, నేను గట్టెక్కాను. వెనకటికైతే తోటల దాకా నడిచేవాళ్లం.