నగరి దగ్గర నేను చేసిన అనువాదం

పెట్రోల్లో కలిపే ఇథనాల్ తయారుచేసే కంపెనీలో ఈమధ్యే చేరాను. ఈ రోజు నగరి దగ్గర ఒక ఊళ్లో చెరుకు రైతులతో సమావేశం జరిగింది. చెన్నై నుంచి వచ్చిన మా ఇంజనీరుకు తెలుగు రాదు. ఆయన అరవంలో చెప్పింది తెలుగులో చెప్పడం నా పని.

"ఫ్యాక్టరీ మా ఊరి కాడే పెడతారా?" అని మునెమ్మ అనే రైతు అడిగింది.

ఇంజనీరు దాచకుండా చెప్పాడు. తడలో హైవే పక్కన పెడితే ఇథనాల్‌ను చెన్నై చేర్చే ఖర్చు కంపెనీకి తగ్గుతుందట. చెరుకు అక్కడికి తోలే లారీ బాడుగ మాత్రం రైతులకిచ్చే ధరలో పట్టుకుంటారట. గొడవవుతుందని భయపడి నేను, "ఇంకా తేల్చలేదమ్మా, మీ ఊరు కూడా చూస్తున్నారు" అన్నాను.

"ఆయప్ప సెప్పింది అది కాదు గదా నాయనా! మా పుట్టిల్లు తిరుత్తణి. అరవం నాకూ వచ్చు" అంది మునెమ్మ.

ఆమె ఇంజనీరు వైపు తిరిగి అరవంలోనే తేల్చి చెప్పింది: బాడుగ కంపెనీ పెట్టుకుంటేనే చెరుకు ఇస్తాం, లేదంటే బెల్లం వండుకుంటాం. రైతులంతా అవునన్నారు. ఆఫీసులో మాట్లాడతానని ఇంజనీరు ఒప్పుకున్నాడు. ఆ తర్వాత నన్నెవరూ ఏమీ అడగలేదు.

బయల్దేరేటప్పుడు ఆమె నా చేతిలో కూడా మజ్జిగ గ్లాసు పెట్టి, "ఎండన పడి వచ్చినావు, తాగు" అంది. తలెత్తకుండా తాగాను.

తిరుపతి చేరి, ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఆమె తిట్టి ఉంటే ఇంత సిగ్గనిపించేది కాదు. మీరైతే ఏం చెప్పేవారు? "నిజమే చెప్పేవాళ్లం" అనేవాళ్లు ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లయిందో కూడా రాయండి.